ఇరవయ్యో కేసు

గురువారం పొద్దున ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని తమ రైల్వే క్వార్టర్స్ వరండాలో కూర్చుని, డాక్టర్ దేవమణి ఆ రోజు పనులు కాగితం మీద రాసుకుంది. ఒకటి, పది గంటలకు ఆస్పత్రికి వెళ్ళి డాక్టర్ మిత్రాను కలవడం. రెండు, మధ్యాహ్నం చదువుకోవడం. మూడు, నాన్నకు ఏమీ చెప్పకపోవడం. మొదటి రెండూ అనుకున్నట్టే జరిగాయి.

అది 1968. ఎం.బి.బి.ఎస్. అయ్యాక దేవమణి కాన్పుల మీద, స్త్రీల రోగాల మీద కలకత్తాలో పైచదువు చదువుతోంది. పరీక్షకు కూర్చోవాలంటే తాను స్వయంగా చేసిన ఇరవై కాన్పుల వివరాలు రాసిన కేసుబుక్కు సోమవారం సాయంత్రంలోగా ప్రొఫెసరు బల్ల మీద ఉండాలి. పంతొమ్మిది అయ్యాయి. ఇరవయ్యోది ఎదురుకాళ్ళ కాన్పు అయి తీరాలి. బిడ్డ తల ముందు రాకుండా కాళ్ళో పిర్రలో ముందు వచ్చే కాన్పు అది. కలకత్తాలో రెండు నెలలు కాచుకుని కూర్చుంటే, ఆ రకం కాన్పులన్నీ ఆమె డ్యూటీ దిగిన పది నిమిషాలకు జరిగాయి. చివరికి ప్రొఫెసరు జాలిపడి, ఖరగ్‌పూర్‌లో తన పాత శిష్యురాలు డాక్టర్ మిత్రా దగ్గరుండి సంతకం పెడితే చాలన్నాడు. దొరక్కపోతే మళ్ళీ ఏడాది ఆగాలి.

"ఆ కాగితం ఎందుకు మడిచినావమ్మా?" అన్నాడు తండ్రి కృపారావు, టీ గ్లాసుతో వరండాలోకి వచ్చి.

"ఏమీ లేదు నాన్నా."

"ఏమీ లేని కాగితం ఎవరూ మడవరు."

దేవమణికి చిన్నప్పటి నుంచి తండ్రి దగ్గర అబద్ధం ఆడటం చేతకాదు. "ఒక్క కేసు తక్కువైంది నాన్నా. సోమవారంలోగా కావాలి. డాక్టర్ మిత్రా చూస్తారు. నువ్వు ఎవరితోనూ అనొద్దు."

"నేనెందుకంటాను? ఊరికే అడుగుతున్నాను, ఎలాటి ఇల్లయితే మంచిదేటి?"

"ముగ్గురు నలుగురు పిల్లలున్న ఇల్లయితే పని తేలిక. నువ్వు మాత్రం ఎవరితోనూ అనొద్దు."

కృపారావు తల ఊపి, భోజనం క్యారియరు సైకిలుకు తగిలించుకుని వర్క్‌షాపుకు వెళ్ళాడు. అక్కడ ఆయన పాసుల గుమాస్తా. పనివాళ్ళకు, వాళ్ళ పెళ్ళాం పిల్లలకు రైలు పాసులు రాసిచ్చే కిటికీ ఆయనది. ఏ ఇంట్లో ఎందరు పిల్లలో ఆయన రిజిస్టరుకు తెలిసినట్టు ఆ తల్లులకు కూడా తెలియదని అందరూ అనేవారు. ఆదివారాల్లో చర్చిలో ఆయన సంఘపెద్ద కూడా. మగవాళ్ళ ముందు కాన్పు అనే మాట పలకడం ఆయన వల్ల అయ్యేది కాదు. దేవమణి పుట్టినప్పుడు కూడా, ఇంట్లో ఒకరు పెరిగారని రాసి సెలవు తీసుకున్నాడు.

తొమ్మిదిన్నరకు ఫిట్టరు తవిటయ్య బావమరిది పెళ్ళికి పాసు అడగడానికి కిటికీ దగ్గరికి వచ్చాడు. అతనికి నలుగురు పిల్లలు. కృపారావుకు కూతురు మొహం గుర్తొచ్చింది.

"తవిటయ్యా, మా అమ్మాయికి ఒక్క కేసు తక్కువైంది" అన్నాడు గొంతు తగ్గించి.

"ఏటి కేసు బాబూ?"

కృపారావు అటూ ఇటూ చూశాడు. "అదేనోయ్. ఆస్పత్రి కేసు. పైకి చెప్పుకునేది కాదు. నలుగురు పిల్లలున్న ఇల్లయితే మరీ మంచిదంది. నీకు నలుగురు కదా?"

ఇక్కడ కృపారావుకు తెలియని సంగతి ఒకటుంది. ఆ ఏడు ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో కేసు అనే మాటకు ఒక్కటే అర్థం. నెల కిందట కుటుంబ నియంత్రణ వాళ్ళు వచ్చి గోడ మీద ఎర్ర త్రికోణం వేసి, ఉపన్యాసం ఇచ్చి వెళ్ళారు. ఒక్కొక్క ఇన్‌స్పెక్టరు ఇన్ని కేసులు తేవాలని లెక్క ఉండేది. కేసు అంటే పిల్లలు చాలనుకున్న మగవాడు ఆపరేషను బల్ల ఎక్కడం. ఉపన్యాసం మొదలవగానే కృపారావు సిగ్గుపడి బయటికి వెళ్ళిపోయాడు గనుక, ఆయనకు ఆ మాట చేరలేదు.

తవిటయ్య చెయ్యి తనకు తెలియకుండానే పంట్లాం బెల్టు మీదికి వెళ్ళింది. "నొప్పి ఉంటాదేటి బాబూ?"

"మా అమ్మాయి చెయ్యి తేలిక. ఇప్పటికి పంతొమ్మిది చేసింది. అందరూ లేచి నడిచి ఇంటికెళ్ళినారు."

"పంతొమ్మిది మందికి సేసేసిందేటి" అన్నాడు తవిటయ్య. పాసు సంగతి మరిచిపోయి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం భోజనాల వేళకు ఆ ఒక్క కేసు ఫిట్టింగు షాపులో పది అయింది. కమ్మరి షాపుకు చేరేసరికి యాభై. కృపారావు గారు పాసుల రిజిస్టరు చూసి జాబితా తయారుచేస్తున్నారని, సోమవారం డాక్టరమ్మ కత్తులు ఉడకబెట్టుకుని గేటు దగ్గర కూర్చుంటుందని మూడు గంటలకల్లా నిశ్చయమైపోయింది.

నాలుగు గంటలకు పాసుల కిటికీ ముందు వరస సైకిలు స్టాండు దాకా సాగింది. అందరికీ సోమవారం పొద్దున్నే పలాసో, తిలారో, చీపురుపల్లో, సొంత ఊరికి పోవాలి. కారణం అడిగితే అందరిదీ ఒకటే. నాయనమ్మకు ఒంట్లో బాగులేదు. శుక్రవారం సాయంత్రానికి ముప్పై ఒక్క మంది నాయనమ్మలు మంచం పట్టారు. సోమవారం పొద్దున పాసులిస్తానని చెప్పి, కృపారావు ఆ రాత్రి భోజనానికి ముందు వాళ్ళందరి కోసం ప్రార్థన చేశాడు. పైఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది, శ్రీకాకుళం జిల్లాలో ముసలివాళ్ళకు అంటురోగం ఏదైనా తగిలిందా, వెంటనే తెలియజేయవలసింది అని.

వరసలో నిలబడ్డ ప్రతివాణ్ణీ ఆయన ఆప్యాయంగా అడిగాడు. "పిల్లలు బాగున్నారా? ఎంతమందోయ్ నీకిప్పుడు?" ఆ ప్రశ్న విన్న ప్రతివాడూ ఒక అడుగు వెనక్కి వేశాడు.

కమ్మరి షాపులో సుత్తి ఎత్తే నూకయ్య వంతు గురువారమే వచ్చింది. మనిషి తలుపంత ఉంటాడు. ఆ శరీరంలో ధైర్యం ఎక్కడుందో మాత్రం ఎవరూ కనిపెట్టలేదు.

"నూకయ్యా, నీకెంతమందోయ్ పిల్లలు?"

"నాకు పిల్లల్లేరు బాబూ."

కృపారావు కళ్ళజోడు సర్దుకుని రిజిస్టరు తిప్పాడు. "అయిదుగురి పేర్లున్నాయి కదయ్యా. అప్పలకొండ, దేముడు, ఇంకా ముగ్గురు."

"ఆళ్ళు నా పిల్లలు కాదు బాబూ."

"మరెవరి పిల్లలు?"

నూకయ్య నుదుటి మీద చెమట తుడుచుకుంటూ కాసేపు ఆలోచించాడు. "నాకు తెలీదు బాబూ" అన్నాడు. ఆ మాట అని, పాసు లేకుండానే తాల్‌బగీచా పేటలో ఉన్న చిన్నాన్న కొడుకు ఇంటికి పరుగెత్తి, మంచం కింద దాక్కున్నాడు.

కృపారావుకు ఆ రోజు అన్నం సయించలేదు. పదేళ్ళుగా ఎవరి పిల్లలకో తాను పాసులు రాశాడా? పైఆఫీసుకు రాస్తే నూకయ్య ఉద్యోగం పోతుంది. రాయకపోతే తన నిజాయితీ పోతుంది. ముందు కాస్త నెమ్మదిగా కనుక్కోమని భార్య ఎలీసమ్మను పురమాయించాడు. ఎలీసమ్మ శుక్రవారం సాయంత్రం కుళాయి దగ్గర నూకయ్య భార్య దాలమ్మను పట్టుకుని, వీలైనంత నెమ్మదిగానే కనుక్కుంది.

శనివారం పొద్దున ఎనిమిదింటికి దాలమ్మ అయిదుగురు పిల్లలనూ వెంటబెట్టుకుని, నిండు కడుపుతో కృపారావు గుమ్మం ముందు నిలబడింది. కిటికీలోంచి చూసిన కృపారావుకు వంటింట్లో ఏదో పని గుర్తొచ్చింది. దేవమణి బయటికి వచ్చింది.

"డాక్టరమ్మా, ఈ అయిదుగురూ ఎవలి పిల్లలో నా పెనిమిటికి తెలీదంట" అంది దాలమ్మ. పిల్లలను వరసగా నిలబెట్టింది. "ముక్కులు సూడమ్మా. ఈ ముక్కు ఈ ఊర్లో ఇంకెవలికైనా ఉన్నాదేటి? గోల్‌బజార్ అంతా తిరిగి సూసి రండి, నానిక్కడే కూకుంటాను."

అయిదు చప్పిడి ముక్కులు దేవమణి వైపు తిరిగాయి. సాక్ష్యం బలంగానే ఉంది.

"కడుపులో ఉన్నదానికీ అదే ముక్కు. కావాలంటే రాసిస్తాను. మనిషి రెండు దినాల్నుంచి ఇంటికి రాలేదు. ఏటో కేసంట, కేసంటే..." అంటూ దాలమ్మ డొక్క పట్టుకుని మెట్టు మీద కూలబడింది.

"నెలలు నిండాయా?" అంటూ దేవమణి పక్కన కూర్చుంది.

"నిండిపోనాయి. పొద్దుట్నుంచి నొప్పులే. ఇది ముందోళ్ళలాగ లేదమ్మా. పక్కటెముకల కింద ఏటో రాయి పెట్టినట్టుంటాది."

దేవమణి చెయ్యి పెట్టి చూసింది. పక్కటెముకల కింద గుండ్రంగా, గట్టిగా తగిలింది. లోపలికి వెళ్ళి కొయ్యగొట్టం తెచ్చి ఆనించి విన్నది. బిడ్డ గుండె చప్పుడు బొడ్డుకు పైన వినిపించింది. ఆ రాయి బిడ్డ తల. కాళ్ళు కిందికున్నాయి. దేవమణికి ముందు సంతోషం కలిగింది. వెంటనే ఆ సంతోషానికి సిగ్గేసింది. ఆ వెనకనే భయం వచ్చింది. ఇన్నాళ్ళూ ఆమె వెతికింది ఒక కేసు కోసం. ఎదురుగా చెమటలు కక్కుతూ కూర్చున్నది ఒక మనిషి.

"అమ్మా, పిల్లల్ని చూడు. నాన్నా, రిక్షా."

కృపారావు వంటింట్లోంచి వచ్చి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధి చివరికి పరుగెత్తాడు.

దాలమ్మ, డాక్టరమ్మ ఉన్న రిక్షా ఆస్పత్రి మలుపు తిరగడం ఫిట్టరు తవిటయ్య చూశాడు. అతనికి అంతా అర్థమైపోయింది. సైకిలెక్కి తాల్‌బగీచా పోయి మంచం కిందికి వంగాడు. "ఒరే నూకయ్యా, నువ్వు దొరకలేదని నీ బదులు దాలమ్మని ఒట్టుకుపోనారు. కేసు కింద రాసేసినారు."

ఆస్పత్రిలో డాక్టర్ మిత్రా దాలమ్మను పరీక్ష చేసి, దేవమణిని ముందు నిలబెట్టి తాను రెండడుగులు వెనక నిలబడింది. ఆవిడది ఇరవై ఏళ్ళ అనుభవం. పెద్దాపరేషను గదికి కబురు పంపి సిద్ధంగా ఉంచింది. "నీ ప్రొఫెసరు ఏం చెప్పాడు?" అని అడిగింది.

"చేతులు వెనక్కి కట్టుకోమన్నారు, మేడం. బొడ్డు దాకా దానంతట అది రావాలి. తొందరపడి లాగితే తల చిక్కుకుంటుంది."

"కట్టుకో మరి."

దేవమణి కట్టుకుంది. పిర్రలు కనిపించాయి, కాళ్ళు జారాయి, నడుము వచ్చింది. ఆమె వేళ్ళు వీపు వెనక ఒకదాన్నొకటి నలుపుకుంటూనే ఉన్నాయి. భుజాలు బయటపడ్డాక, బిడ్డను ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టుకుని, రెండు వేళ్ళు బిడ్డ బుగ్గలకు ఆనించి తల నెమ్మదిగా వంచింది. గడియారం ఆగిపోయినట్టనిపించింది. తల వచ్చింది. బిడ్డ ఒక క్షణం ఊరుకుని, తరవాత వార్డంతా వినిపించేలా ఏడ్చింది. డాక్టర్ మిత్రా కలం మూత తీసింది.

సరిగ్గా అప్పుడు వరండాలో పెద్ద గోల లేచింది. డాక్టర్ మిత్రా బయటికి వెళ్ళింది. తలుపంత మనిషి నేల మీద కూర్చుని ఏడుస్తున్నాడు.

"దీదీ, దాన్ని ఒగ్గెయ్యండి. నానున్నాను. నన్ను కొయ్యండి" అన్నాడు నూకయ్య. అప్పటికే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల గుమాస్తా దగ్గరికి పోయి, సమ్మతి కాగితం అడిగి తీసుకుని, వేలిముద్ర కూడా వేసి తెచ్చాడు. ఆ గుమాస్తా సర్వీసులో ఆ కాగితం అడిగి తీసుకున్నవాడు అతనొక్కడే.

దేవమణి బిడ్డను గుడ్డలో చుట్టి తెచ్చి చూపించింది. నూకయ్య బిడ్డను చూశాడు. ముఖ్యంగా ముక్కు చూశాడు. ఏడుపు ఆపాడు. ఎవరినీ కొయ్యలేదని, కేసంటే కాన్పు కేసని, అది కూడా అయిపోయిందని అతనికి తెలిసిరావడానికి పావుగంట పట్టింది.

"భయంలో వేసిన వేలిముద్ర నాకు పనికిరాదు. చింపేస్తాను, ఇంటికెళ్ళు" అంది డాక్టర్ మిత్రా.

"సింపెయ్యండి దీదీ" అన్నాడు నూకయ్య, లేచి దుమ్ము దులుపుకుంటూ.

"సింపకండి" అంది లోపల మంచం మీది నుంచి దాలమ్మ.

నూకయ్య గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. దాలమ్మ మొహంలో సత్తువ లేదు, గొంతులో మాత్రం ఉంది. "ఆరుగుర్ని కన్నాను. ఆరుసార్లు ఇలాగే పడుకున్నాను. నువ్వొక్క పూట పడుకోలేవేటి?"

"అయిదుగురూ నా పిల్లలేనని రాయించాలి ముందు" అన్నాడు నూకయ్య. "ఆరుగురు" అంది దాలమ్మ. అతను వెనక్కి వచ్చి, డాక్టర్ మిత్రాను నొప్పి ఎంతుంటుంది, ఎన్ని రోజులుంటుంది, సుత్తి మళ్ళీ ఎత్తగలనా అని మూడు ప్రశ్నలు నెమ్మదిగా అడిగాడు. ఆవిడ మూడింటికీ జవాబు చెప్పింది. కొత్త కాగితం మీద ఈసారి భయం లేకుండా, లేదా కొంచెం తక్కువ భయంతో, వేలిముద్ర వేశాడు.

సోమవారం పొద్దున దేవమణి కేసుబుక్కు పట్టుకుని హౌరా బండి ఎక్కింది. అదే సమయానికి కృపారావు కిటికీ ముందు ముప్పై ఒక్క మంది పాసుల కోసం నిలబడ్డారు. ఆయన లేచి నిలబడి, బొత్తాలు సర్దుకుని, రెండుసార్లు దగ్గాడు. "కాన్పు" అన్నాడు. ఆ మాట మగవాళ్ళ ముందు అనడం ఆయన జీవితంలో అదే మొదలు. "నేనడిగింది కాన్పు కేసు. అది కూడా దొరికేసింది."

పావుగంటలో నాయనమ్మలందరూ కోలుకున్నారు.

నెల తరవాత కలకత్తాలో నోటి పరీక్ష జరిగింది. పరీక్షకుడు కేసుబుక్కు చివరి పేజీ తిప్పి, కళ్ళజోడు పైనుంచి చూశాడు. "ఎదురుకాళ్ళ కాన్పు. తల్లీ బిడ్డా క్షేమం అని రాశారు. తరవాత ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదా?"

"తల్లి మూడో రోజు లేచి నడిచింది సార్" అంది దేవమణి. "తండ్రి మాత్రం వారం రోజులు మంచం దిగలేదు."