పన్నెండో నంబరు చీర

తెలుగువాళ్లు వలస వచ్చి పనిచేసే ఖటోదరాలోని ఒక మగ్గాల కార్ఖానాలో పొద్దున పెట్టుకున్న పని చిన్నదే. చీర కొంగు మూలన డిజైన్ నంబరు నేయాలి. కంప్యూటర్లో నంబరు కొడితే మగ్గం దాన్ని నేసేలా శివకృష్ణ ప్రోగ్రాం రాశాడు. కాలేజీ అయ్యాక అతనికిదే మొదటి పని. ఇప్పించింది మేనమామ అంబదాస్, అక్కడ మగ్గాలు చూసుకునే మాస్టర్.

"అంకెలు తప్ప ఏది కొట్టినా తీసుకోదు మామా. తప్పయితే చెప్తది," అన్నాడు శివకృష్ణ.

అంబదాస్ "12 నంబర్" అని కొట్టి, మగ్గం నడిపించి, చాయ్ తాగడానికి వెళ్లాడు.

ప్రోగ్రాం తప్పు పట్టుకుంది. కాకపోతే తప్పు నంబరని చెప్పే 'గలత్ నంబర్' అన్న మాటను తెర మీద చూపాల్సింది పోయి మగ్గానికి పంపింది. శివకృష్ణ ఆ మాటను నంబరు ఉండాల్సిన చోటే పెట్టాడు మరి. సాయంత్రానికి చీరలన్నీ ఆ ముద్రతోనే తయారై, ఎవరూ విప్పి చూడకుండానే మార్కెట్టుకు వెళ్లిపోయాయి.

మర్నాడు అంబదాస్ మిగిలిపోయిన ఒక చీర మడత విప్పాడు. కొంగు మూల చూసి మేనల్లుణ్ణి పిలిచాడు.

"ఏందిరా గిది? చీర మీద నన్ను తిట్టినవా?"

"నిన్ను గాదు మామా, నువ్వు కొట్టినదాన్ని."

"సేటు చూసిండంటే ఇద్దరం బార్డోలీ పోయి చెరుకు మోసుడే. జల్ది సక్కజెయ్!"

తప్పు కొడితే మగ్గం కదలకుండా శివకృష్ణ ప్రోగ్రాం మార్చాడు. అంబదాస్ ఈసారి ఒళ్లు దగ్గర పెట్టుకుని పన్నెండే కొట్టాడు. మగ్గం కదల్లేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి మోటారు విప్పాడు, తిట్టుకుంటూ బిగించాడు. చివరికి తేలిందేమిటంటే, అంబదాస్ అలవాటుకొద్దీ అంకె తర్వాత స్పేస్ మీట నొక్కుతున్నాడు.

"అండ్ల ఏమున్నదిరా?"

"ఏం లేదు మామా. గదే తప్పు."

స్పేస్‌ను వదిలేసి చదివేలా మార్చాక పన్నెండు ముత్యంలా పడింది. ఆ చీరలూ మార్కెట్టుకు వెళ్లాయి.

రెండు రోజులకు కార్ఖానా యజమాని సేటు ఇద్దర్నీ పిలిచాడు. బల్ల మీద వాపసు వచ్చిన మూట ఉంది.

"తప్పు నాదే సేట్, పిలగానికేం తెల్వది," అన్నాడు అంబదాస్.

"లేదు సేట్, నాదే," అన్నాడు శివకృష్ణ.

సేటు పన్నెండు వేసిన చీర ఎత్తి చూపించాడు. "యే నక్లీ మాల్ కిస్నే బనాయా? అస్లీ 'గలత్ నంబర్' కహాఁ హై?"

ఆడవాళ్లు ఆ పేరున్న చీరలే కావాలని అడుగుతున్నారట. పన్నెండు వేసినవి నకిలీవని దుకాణాలవాళ్లు తిప్పి పంపారట.

ఇప్పుడు ఆ మగ్గం దగ్గర ఎవరైనా పొరపాటున సరైన అంకె కొడితే ప్రోగ్రాం ఒప్పుకోదు.