సమోసాధరుని ఆసనాన్వేషణము

కొలుముల హుంకారము మిన్నుముట్టు భిలాయి మహానగరమున, ఎండ నిప్పులు చెరుగు ఒకానొక ఆదివారమున, ఉక్కు కర్మాగారమునందు ఎర్రగా కాలుచున్న రైలుపట్టాలను అదలించి నడిపి, వయసుడిగి రిటైరైన మహావీరుడు, విజయనగర ప్రాంతసంజాతుడు అప్పలసూరి, ధర్మపత్ని నూకమ్మతో గూడి, శీతలపవనసేవితమగు సినిమాహాలునకు మ్యాట్నీ వేళ విచ్చేసెను.

ఆ చిత్రము ఘోరాంధకారబంధురము. అందొక క్రూర శాస్త్రజ్ఞుడు మనుజుల జ్ఞాపకములను యంత్రముతో తోడి సీసాలలో దాచుచుండును. సర్వమును మరచిన కథానాయకుడు తానెవరో తెలియక వానలో తిరుగుచుండును.

ఇంటర్వెల్లున నూకమ్మ ఆనతిచ్చెను. “రెండు సమోసాలట్టుకురండి. బేగి రండి, కథ మంచి పట్టుమీదుంది.”

క్యూ అను జనసముద్రమును మోచేతులతో మథించి, సమోసాద్వయమును సాధించి ఆ ధీరుడు మరలునప్పటికి దీపములారిపోయెను. తన వరుస ఏది? కుర్చీ ఏది? ఏమియు జ్ఞప్తికి రాదాయె. టికెట్లును ఫోనును నూకమ్మ సంచిలో ఉండెను.

“ఓరి అప్పలసూరీ,” అని తన్ను తాను హెచ్చరించుకొనెను, “అగ్నిసర్పములవలె దూసుకువచ్చు పట్టాలకు బెదరని నీవు, నేడొక కుర్చీకి బెదరుదువా? పద ముందుకు.”

పరుల పాదములు త్రొక్కుచు, వారి తిట్లను పుష్పవృష్టివలె స్వీకరించుచు, చీకటిలో చేయి చాచి వెదకి వెదకి, తుదకొక స్థూలకాయురాలి ప్రక్కన ఖాళీ కుర్చీని గాంచి కూలబడెను. ఆమె చేత ఒక సమోసా పెట్టి మెల్లగా పలికెను.

“తినవే, సల్లారిపోతాది.”

ఆమె సగము కొరికి, నమలి, మ్రింగి, అప్పుడు తల త్రిప్పి చూచెను. “ఆప్ కౌన్ హై, భాయీసాబ్?”

సరిగా ఆ క్షణముననే తెరపై నాయకుడు “మై కౌన్ హూఁ?” అని విలపించెను. మీరెవరని ఆమెయు, నేనెవరని ఆతడును, ప్రశ్నలు రెండును ఒకేమారు హాలులో మ్రోగెను.

సిగ్గుతో కుంగియు ధైర్యము వీడని అప్పలసూరి, మిగిలిన సమోసాను ధ్వజమువలె పైకెత్తి నిలిచి, మిల్లు సైరనును మించు కంఠమున పిలిచెను. “నూకాలూ, ఎక్కడున్నావే?”

ముందు వరుసనుండి ప్రత్యుత్తరము వచ్చెను. “ఇక్కడే ఉన్నాను, అరవకండి. ఆడికిప్పుడిప్పుడే గేపకాలొస్తన్నాయి.”

ఆ స్వరమునే దారిదీపముగా గొని, మరికొన్ని పాదములు త్రొక్కి, ఆతడామె చెంత చేరెను. నూకమ్మ పొట్లము తడిమెను.

“ఒకటే ఉందేటి?”

“ఇంకోటి ఒకావిడికిచ్చీసినాను.”

“ఎవులావిడ?”

“తెలీదు.”

నూకమ్మ ఆ సమోసాను రెండుగా విరిచి, చిన్న ముక్క ఆతనికిచ్చి, “కూకోండి,” అనెను.

తెరపై నాయకునకు తానెవరో ఇంకను తెలియలేదు. అప్పలసూరి మాత్రము, సొంత కుర్చీయందు, సొంత పెండ్లాము ప్రక్కన, అర్ధసమోసాధీశ్వరుడై దిగ్విజయముగ విరాజిల్లెను.