కొంగుముడిలో ఉప్పు

పొద్దున్నే లియాఖత్ అలీ ఇంట్లో ఉప్పు మీద తగువు మొదలైంది. ఆయన తల్లి గులాబ్‌బీ ఎవరి పొయ్యి దగ్గర నిలబడినా తన కొంగుముడిలోని ఉప్పే వేస్తుంది. ఆ రోజు ఖిచిడీలో కోడలు లాడ్లీ బేగం అప్పటికే ఉప్పు వేసి ఉంది.

"నేనేసిన గదా అమ్మీ! మల్ల ముడెందుకు ఇప్పినవ్?"

"నాది నేనేసుకునుడు నా అలవాటు. వద్దంటవా? ఇగ మీరు చేతికిచ్చేదాకా ఉప్పు ముట్ట, పో!" అంటూ గులాబ్‌బీ కొంగు దులిపేసింది.

లియాఖత్ అలీ కూతురు తాహేరాకు ఇదంతా వినే తీరిక లేదు. నారాయణపేటలో వాళ్లది చీరల దుకాణం. మహబూబ్‌నగర్‌లో జావా అనే కంప్యూటర్ భాష నేర్చుకుంటూ ఆమె ఇంట్లోని కంప్యూటర్‌లో దుకాణానికి ఇంటర్నెట్ పేజీ తయారు చేస్తోంది. మధ్యాహ్నంలోగా అది పనిచేసి చూపించకపోతే క్లాసు బంద్ అని తండ్రి చెప్పాడు. అది తొంభై తొమ్మిదో సంవత్సరం. ఆయనకు టెలిఫోన్ మీదే పూర్తి నమ్మకం లేదు.

జావాలో ఒక్కో పని చేసే ప్రోగ్రాము ముక్కనూ క్లాసు అనే అంటారు. పేజీలో ఎవరైనా చీర అడిగితే 'ఆర్డరు' అనే క్లాసు, 'తపాలా' అనే క్లాసు ద్వారా, మగ్గాలు నడిపే కురుమయ్యకు ఊళ్లోని ఇంటర్నెట్ దుకాణం చిరునామాకు ఉత్తరం పంపాలి. పరీక్ష కోసం తాహేరా నకిలీ తపాలా ఒకటి రాసింది. అది ఉత్తరం పంపదు, తెర మీద చూపిస్తుందంతే. చిలకపచ్చ చీర, నారింజ అంచు, నలభై అని కొట్టి మీట నొక్కింది. తెర మీద ఏమీ రాలేదు. మళ్లీ నొక్కింది. అలా ఏడుసార్లు.

గంటలో కురుమయ్య ఆరుగురు నేతగాళ్లతో గుమ్మంలో నిలబడ్డాడు.

"సేటూ, ఏడు ఆర్డర్లా! ఇంటర్నెట్ దుకాణం నూరుద్దీన్ కాయితాలు పట్టుకొని ఉరికొచ్చిండు. రెండొందల ఎనభై చిలకపచ్చ చీరలు!"

లియాఖత్ అలీ చేతిలోని గాజు గ్లాసు నేల మీద పడింది. "యా అల్లా! చిలకపచ్చకు నారింజా? ఎవలు కట్టుకుంటరయ్యా? మగ్గాలెక్కినయా?"

తాహేరా ప్రోగ్రాము తెరిచింది. ఆర్డరు లోపల ఒక వరుస అసలు తపాలాను తనంతట తానే పుట్టించుకుంటోంది. నకిలీది బయటే ఊరికే నిలబడి ఉంది.

"అచ్చం దాదీ లెక్కనే! నేనిచ్చింది ముట్టలే, తన ముడి ఇప్పుకున్నది!" అంది తాహేరా నానమ్మను చూపిస్తూ.

"మగ్గం ఎట్లెక్కుతది సేటూ?" అన్నాడు కురుమయ్య. "నూలు కోసమే గదా వచ్చినం. మా ఇంట్ల పుడుతదా? మీరు పట్టు ఇస్తే పట్టు నేస్తం, నూలిస్తే నూలు నేస్తం. మోకు తాడు తెచ్చిస్తె మాత్రం గడపలనే వద్దంటం."

తాహేరా ఆయన వంక కళ్లప్పగించి చూసింది. వెంటనే ఆ వరుస కొట్టేసింది. ఇక ఆర్డరు సొంతంగా తపాలాను పుట్టించుకోదు. తయారయ్యేటప్పుడే బయటి నుంచి తీసుకుంటుంది. అసలుదైనా నకిలీదైనా సరే. తపాలా కానిదిస్తే జావా ముందే వద్దంటుంది. మీట నొక్కింది. ఉత్తరం తెర మీద కనిపించి, అక్కడే ఆగింది.

మధ్యాహ్నం కురుమయ్యను కూడా భోజనానికి కూర్చోబెట్టుకుని లియాఖత్ అలీ ప్రకటించాడు. "తాహేరా క్లాసు బంద్ గాదు. ఇంకోటి. ఇయ్యాల్టి సంది గీ ఇంట్ల ఎవ్వలూ సొంత ఉప్పు ఎయ్యొద్దు. లాడ్లీ ఇచ్చిందే అమ్మీ ఎయ్యాలె."

"పొద్దుగాల సంది గట్లనే చేస్తున్న బేటా," అంది గులాబ్‌బీ. "పప్పు నేనే వండిన. దించేదాకా చూసిన. ఉప్పు ఎవ్వలూ ఇయ్యలే."

నోట్లో ముద్ద పెట్టుకున్న వాళ్లందరూ ఆగిపోయారు. కురుమయ్య ఒక్కడే తింటూ పోయాడు; ఇచ్చినదానితో సర్దుకోవడం ఆయనకు అలవాటే.