ఇంటికో గూండాల పెట్టె

ఇల్లు ప్రశాంతంగా ఉండాలంటే ఆ ఇంట్లో రోజూ ఓ యాభైమంది గూండాలను చితకబాదే ఏర్పాటు ఉండాలి. ధ్యానం, ప్రాణాయామం, పొద్దున్నే జీలకర్ర నీళ్లు, ఇవన్నీ చేసి బాగుపడినవాళ్లు ఎవరైనా ఉన్నారా? గూండాలను కొట్టి మా ప్రొద్దుటూరులో మహీధర్ బాగుపడ్డాడు. నమ్మకపోతే ఆయన భార్య గాయత్రిని అడగండి. కాకపోతే ఆమె మెట్ల కింద ఉంటుంది, కాస్త వంగి అడగాలి.

తొందరపడి నవ్వకండి. విషయం చాలా గంభీరమైనది.

మహీధర్‌కు బట్టల అంగడి ఉంది. వయసు నలభై దాటింది. వచ్చినవాళ్లు గుట్టలు గుట్టలుగా చీరలు విప్పించి, "మళ్లీ వస్తాంలేప్పా" అని లేచిపోతుంటే, చిరునవ్వు చెదరకుండా మడతలు పెట్టుకునే వృత్తి. అలాంటి మనిషికి లోపల ఎంతమందిని కొట్టాలని ఉంటుందో మీరే ఊహించండి. ఇన్నేళ్లూ ఆ కోపమంతా పప్పులో ఉప్పు మీద, టీవీ రిమోట్ మీద, గాయత్రి పుట్టింటివాళ్ల మీద ఖర్చవుతూ వచ్చింది.

అప్పుడు బెంగళూరు నుంచి ఆ పెట్టె వచ్చింది.

హమాలీలు మోసుకొచ్చారు. మనిషి భుజమంత ఎత్తు, ముందు అద్దం, కింద రెండు హ్యాండిళ్లు, రంగురంగుల బటన్లు. మహీధర్ చిన్నప్పుడు బస్టాండు వెనక సందులో వీడియో గేమ్ అంగడి ఉండేది. అందులో ఉండేలాంటి పెట్టెలనే ఇప్పుడు ఇళ్లకు చేసి పంపుతున్నారట, ఆ కాలపు ఆటలన్నీ లోపల కూర్చి.

ఆటంటే ఏముంది? ఒక వీధి ఉంటుంది. ఎడమ నుంచి కుడికి నడవాలి. ఎదురొచ్చిన ప్రతివాడినీ కొట్టాలి. ఎందుకని ఎవరూ అడగరు. దారిలో పీపాలు పగలగొడితే తిండి దొరుకుతుంది: ఆపిల్, అరటిపండు, పళ్లెంలో కాల్చిన కోడి. తింటే పైన పచ్చగీత పెరుగుతుంది. ఆ గీతే ప్రాణం. చివరికి కొండంత గూండా ఒకడొస్తాడు, వాడే బాసు. వాడినీ పడగొడితే లోకం బాగుపడిపోతుంది. లోకాన్ని ఇంత సూటిగా బాగుచేసే పద్ధతి ఇంకెక్కడైనా ఉందా?

పెళ్లయిన కొత్తలో మహీధర్ ఒకసారి టీవీకి తగిలించే క్యాసెట్టు ఆట కొన్నాడు. పైన వేల ఆటలని రాసి ఉంటే లోపల నాలుగే ఉన్నాయి. ఈ వీధి ఆట కూడా ఉంది గానీ, తెర మీదికి ఒకేసారి ఇద్దరు గూండాలకు మించి వచ్చేవాళ్లు కాదు. మిగతావాళ్లు సెలవు పెట్టినట్టుండేది. హీరో కూడా టైఫాయిడ్ నుంచి అప్పుడే లేచినట్టు సన్నగా ఉండేవాడు. "ఇది అది కాదు" అని మహీధర్ అప్పట్లో కొన్నాళ్లు సరిగ్గా అన్నం తినలేదు. ఇప్పుడొచ్చింది అసలుది. ఇక భర్త అన్నం తింటాడు. ఒక ఇల్లాలికి ఇంతకన్నా ఏం కావాలి?

పెట్టెను ముందుగదిలో కిటికీ పక్కన పెట్టారు. ప్లగ్గు అక్కడే ఉంది, గాలి అక్కడే ఉంది. గాయత్రి పికో మిషను కూడా అక్కడే ఉంది. వీధిలోవాళ్ల చీరలకు ఫాల్స్ కుట్టి, అంచులకు పికో చేసే మిషను. దాన్ని మెట్ల కిందికి జరిపారు.

"తాత్కాలికంగానేలే" అన్నాడు మహీధర్.

తాత్కాలికం అన్నవి ఈ రాష్ట్రంలో ఎంత గట్టిగా నిలబడతాయో మీకు నేను చెప్పాలా?

ప్రారంభోత్సవానికి జమ్మలమడుగు నుంచి దస్తగిరి వచ్చాడు. అక్కడ బైకుల రిపేరు అంగడి పెట్టుకున్నాడు. చిన్నప్పుడు ఆ సందులో వీళ్లిద్దరూ ఒక జట్టు. ఆ జట్టు గొప్పదనమంతా తిండిలో ఉంది. మహీధర్ శెట్టిగారింటి పిల్లవాడు, కోడి ముట్టడు. దస్తగిరికి పండ్లు సయించవు. పీపాలోంచి ఏది బయటపడినా తగువుండేది కాదు. మిగతా పిల్లలు గూండాలను వదిలేసి పళ్లెం కోసం ఒకరినొకరు కొట్టుకుంటుంటే, వీళ్లు ఒక్క రూపాయి బిళ్లతో చివరి స్టేజీ దాకా పోయేవాళ్లు. బాసును మాత్రం ఎప్పుడూ కొట్టలేదు. ఆ లోపే ఎవరో ఒకరి నాయన వచ్చి చెవి పట్టుకుని లాక్కుపోయేవాడు.

"ఏం శెట్టీ, ఇంత వయసొచ్చినా కోడిని చూస్తే పక్కకు జరుగుతానే ఉండావే" అన్నాడు దస్తగిరి, ఒక గూండాను గోడకేసి కొడుతూ.

"మాయమ్మ ఈడే కూసోనుంది రా."

మహీధర్ తల్లి గోవిందమ్మ వెనకే కుర్చీలో జపమాల తిప్పుతోంది. ఆమె చూపు తెర మీద ఆగింది.

"ఏంది నాయనా అది, పళ్లెంలో?"

"మందుమా. తింటే ప్రాణం వస్తాది."

"మందుకు కాళ్లుంటాయా?"

దస్తగిరికి దగ్గు వచ్చింది. నీళ్లు తాగి గానీ తేరుకోలేదు.

ఆ పూటే శాసనం వెలువడింది. దేవుడి గది గోడకు ఆనుకుని ఉన్న పెట్టెలో, బొమ్మయినా సరే, ఈ ఇంటి మనిషి కోడి తినరాదు. మహీధర్ ఒప్పుకున్నాడు. ఈ ఆట ఆడినవాళ్లు ప్రపంచంలో ఎంతమంది ఉన్నారో తెలియదు గానీ, ప్రాణం పోతున్నా ఆచారం తప్పని వీధి రౌడీ ప్రొద్దుటూరులోనే ఉన్నాడు. సంస్కృతి నశించిపోతోందని బాధపడే పెద్దలు గమనించాలి.

పండ్ల మీద బతికే వీరుడు ఎంతదూరం పోగలడు? పైగా దస్తగిరి అంగడి మూసుకుని రోజూ రాలేడు. రెండో హ్యాండిల్ ఖాళీ. మహీధర్ గాయత్రిని పిలిచాడు.

"నువ్వేం చేయాల్సిన పనిల్యా. ఊరికే నా ఎనక రా."

పెళ్లినాడు కూడా దాదాపు ఇదే మాట విన్నట్టు గాయత్రికి గుర్తు.

ఇక్కడ మీరంతా ఒకసారి గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. ఈ ఊళ్లో రోజూ సాయంత్రం గంటసేపు భుజం భుజం ఆనించి నిలబడే దంపతులు ఎంతమంది ఉన్నారు? గాయత్రి కూడా సంతోషంగానే ఆడింది. ఆ వీధిలో కత్తులతో వచ్చారు, గొలుసులతో వచ్చారు, ఒకడు నిప్పు కూడా ఊదాడు. కాఫీ అడిగినవాడు ఒక్కడూ లేడు.

"దీన్ని చూస్తే పాతరోజులు గుర్తుకురావటంల్యా నీకు?" అన్నాడు మహీధర్, కళ్లు చెమర్చి.

గాయత్రి ఆలోచించింది. ఆమెది పులివెందుల. చిన్నప్పుడు ఆ ఊళ్లోనూ ఇలాంటి అంగడి ఉండేది. దారపు ఉండలు తెమ్మని తల్లి పంపితే దాని ముందు నుంచే పోయేది. లోపలి నుంచి దెబ్బల చప్పుడు వినిపించేది. ఆడపిల్లలు ఆ గడప తొక్కేవాళ్లు కాదు. దారం తీసుకుని ఇంటికొచ్చి, తల్లి పక్కన కూర్చుని చీరల అంచులు కుట్టేది.

ఇప్పుడూ అంచులే కుడుతోంది. పాతరోజులు గుర్తుకురావాలంటే ముందు అవి అయిపోవాలి కదా. అందుకే ఆడవాళ్ల చిన్నతనాన్ని పెట్టెలో పెట్టి ఏ కంపెనీ అమ్మదు. గిరాకీ ఉండదు. వాళ్లింకా అందులోనే ఉన్నారు.

పోనీ, మెట్ల కింద ఏం తక్కువైంది? చల్లగా ఉంటుంది. పట్టపగలు బల్బు వేసుకుంటే దీపావళిలా ఉంటుంది. రంగులు మాత్రం తెలియవు. ఆ బల్బు కింద గాయత్రి, ఎప్పుడూ తనకే చీరలిచ్చే ఖాతూన్‌బీ కూతురి నిశ్చితార్థం చీరకు ముదురు వంకాయ రంగు అనుకుని నల్ల ఫాల్ కుట్టింది.

ఖాతూన్‌బీ చీరను వాకిట్లో ఎండలో పరిచి చూసింది.

"ఏంది గాయత్రమ్మా, నిశ్చితార్థానికి నల్లదా? మా వియ్యపురాలు చూస్తే ఇంకేమన్నా ఉందా? నీ చేతి పనంటేనే గదా ఇంతదూరం వస్తాండాం."

గాయత్రి ఫాలంతా విప్పి, మిట్టమధ్యాహ్నం వాకిట్లో ఎండలో కూర్చుని మళ్లీ చేత్తో కుట్టి ఇచ్చింది. ఖాతూన్‌బీ చీర తీసుకుంది. ఆ తర్వాత రెండు చీరలు వేరేచోట ఇచ్చిందని తెలిసింది.

ఆ సాయంత్రం గాయత్రి భర్తతో చెప్పింది. "నా మిషను కిటికీ కాడికి రావల్ల."

"ఆ పెట్టె కదిలిస్తే సెట్టింగు పోతాది. అయినా అది నా చిన్నతనం గాయత్రీ."

"నా పని మెట్ల కింద ఉంది."

"చూద్దాంలే. నువ్వొచ్చి హ్యాండిల్ పట్టుకో."

ఇలా పట్టుకుంటూ పట్టుకుంటూ ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ బాసు దాకా పోయారు. మహీధర్ జీవితంలో అంత దగ్గరికి రాలేదు. గోవిందమ్మ కుర్చీలోనే తల వాల్చి నిద్రపోతోంది. జపమాల ఒళ్లో ఉంది. మహీధర్ ప్రాణం గీత దారప్పోగంత మిగిలింది. గాయత్రికి సగం పైనే ఉంది. అవతలివాడు చెయ్యెత్తక ముందే పక్కకు తప్పుకోవడం ఆమెకు ఆ ఇంట్లో అలవాటైన పనే.

ఆఖరి పీపా పగిలింది. లోపల పండు లేదు. పళ్లెంలో కోడి, ఆవిర్లు కక్కుతూ.

మహీధర్ వెనక్కి తిరిగి తల్లిని చూశాడు. చెమట తుడుచుకున్నాడు.

"నిద్రపోతాంది" అన్నాడు గుసగుసగా. "జరుగు, నేను తింటా."

తెర మీద గాయత్రి ఆడిస్తున్న మనిషి సరిగ్గా పళ్లెం మీద నిలబడి ఉన్నాడు. ఆమె బటన్ మీద వేలు పెట్టింది. నొక్కలేదు.

"కిటికీ" అంది.

"ఏంది?"

"నాకు కిటికీ కావల్ల."

"వాడొస్తాండాడు గాయత్రీ. ఇప్పుడా అడిగేది?"

"ఇంకెప్పుడడిగినా మీకు వినపడటంల్యా."

"ఇస్తా. రేపే ఇస్తా. జరుగు తల్లీ."

గాయత్రి జరిగింది. మహీధర్ కోడి తిన్నాడు. తరతరాల ఆచారం ఒక్క బటన్‌తో పోయింది. గీత నిండింది. బాసు నేలకూలాడు.

తర్వాత ఏమైందంటారా? ఇద్దరు వీరులూ సూర్యాస్తమయం వైపు తిరిగి నిలబడ్డారు. ఇంగ్లిషులో నాలుగు ముక్కలు వచ్చాయి, కొన్ని పేర్లు పైకి పోయాయి. అంతే, మొదటి వీధి, మొదటి గూండా మళ్లీ ప్రత్యక్షం.

మహీధర్ తెరను చాలాసేపు చూశాడు. "ఇంతేనా?"

"ఇంతే" అంది గాయత్రి. పని అయిపోగానే మళ్లీ మొదటి నుంచి మొదలు కావడం ఆమెకు కొత్త కాదు. కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది.

మర్నాడు కిటికీ దగ్గర పెట్టె అలాగే ఉంది. అడిగితే, "ఆటలో అన్నమాట గూడా పట్టుకుంటారా ఎవరన్నా?" అని నవ్వి మహీధర్ భోజనానికి కూర్చున్నాడు. పక్కనే గోవిందమ్మ కూర్చుంది. గాయత్రి అత్తకు పప్పు వడ్డించి, మీద నెయ్యి వేసి, నెమ్మదిగా మొదలుపెట్టింది.

"అత్తా, నిన్న మీరు కునుకు తీసినప్పుడు మీ కొడుకు మందు..."

"హమాలీలకు ఫోన్ చేస్తాండా" అన్నాడు మహీధర్, ముద్ద చేతిలోనే పెట్టుకుని.

"ఏం మందు నాయనా?" అంది గోవిందమ్మ.

"బీపీ మందుమా."

"యాళకు మింగు నాయనా" అని ఆమె పప్పు కలుపుకుంది.

కాబట్టి నా సిఫారసులో మార్పేమీ లేదు. ప్రతి ఇంట్లోనూ ఇలాంటి పెట్టె ఒకటి ఉండి తీరాలి. కొనేముందు మెట్ల కింద ఎత్తు కొలుచుకోండి, చాలు.

గాయత్రిని అడగడానికి ఇక వంగక్కర్లేదు. ఇప్పుడు కిటికీ పక్కన ఆమె మిషను నడుస్తోంది. వంకాయ రంగు వంకాయ రంగుగానే కనిపిస్తోంది. ఖాతూన్‌బీ మొన్న ఇంకో చీర పంపింది, కూతురి చేత. మెట్ల కింద మహీధర్, మెడ ఒక పక్కకు వంచి, నడుం ఇంకో పక్కకు తిప్పి, లోకాన్ని బాగుచేస్తున్నాడు.

"గాయత్రీ, ఈడ శానా ఇరుగ్గా ఉంది. వెలుతురు గూడా సాలదు. ఎవడు మనోడో ఎవడు గూండానో తెలవటంల్యా" అన్నాడు నిన్న సాయంత్రం.

గాయత్రి సూదిలోకి దారం ఎక్కించి, వెలుతురుకేసి పట్టి చూసుకుంది.

"తాత్కాలికంగానేలే" అంది.