నాలుగో ట్యాంకుకు చెప్పిన మాట

రేవు పక్కనున్న రిఫైనరీలో ముడి పామాయిల్‌లోని ఆమ్లం తగ్గాలంటే, ఎవరో ఒకరు ట్యాంకు మూత తీసి తాము సిగ్గుపడిన పని ఒకటి అందులోకి చెప్పాలి. ఆమ్లం తగ్గకపోతే బయోడీజిల్ బదులు సబ్బు తయారవుతుంది. సబ్బుతో లారీలు నడవవు గనుక ఒప్పుకోలు విభాగం అని ఒకటి పెట్టారు. హాజరుపట్టీ, క్యాంటీన్ టోకెన్లు, ఏడాదికి రెండు జతల బూట్లు దీనికీ ఉన్నాయి.

నూకరత్నం ఇరవై ఆరేళ్లుగా ఆ విభాగంలోనే పనిచేస్తోంది. చెప్పిన సిగ్గు నూనెలో ఉండిపోతుంది. జరిగింది గుర్తుంటుంది గాని, ఇక గుచ్చుకోదు. ఆమె చిన్నప్పటి దొంగతనాలు, అత్తగారితో ఆడిన అబద్ధాలు అన్నీ ఏనాడో లారీల్లో ఊళ్లు దాటిపోయాయి.

ఆ సోమవారం నాలుగో ట్యాంకు లొంగలేదు. ల్యాబులో పనిచేసే అబ్బులు నమూనాలో మందు చుక్కలు వేస్తూ కూర్చున్నాడు. ఆమ్లం తగ్గితే అది గులాబీ రంగుకు తిరగాలి. తిరగలేదు.

"మళ్లీ ఆ పక్కింటి కోడి సంగతే చెప్పేరా పిన్నిగారూ? దాన్నిప్పటికి నాలుగుసార్లు వండేరండీ. నూనెక్కూడా మొహం మొత్తేసింది."

"ఇంకేం లేవురా అబ్బులూ."

షిఫ్టు అధికారి వీర్రాజు, ఎవరి దగ్గర ఇంకా చెప్పని సిగ్గులేమున్నాయో రాసిపెట్టే రిజిస్టరు తిప్పాడు. "ఒకటుందమ్మా. మార్చిలో మీరే రాసిచ్చారు. 'అక్క, గేటు' అని."

"అది ఇవ్వనండి. అదీ పోతే మా అక్కది నా దగ్గర ఇంకేం మిగుల్తాదండీ?"

వీర్రాజు కోప్పడలేదు. న్యాయమైన సందేహమేననీ, దానికి రిజిస్టరులో గడి లేదనీ అన్నాడు. చెప్పకపోతే రేపటినుంచి పనిలోకి రానక్కర్లేదని కూడా అన్నాడు.

 ఆమె ట్యాంకు మెట్లెక్కి మూత తీసింది. ఎర్రటి నూనె వెచ్చగా మొహానికి కొట్టింది.

"అక్క నన్ను చూట్టానికి గేటు కాడికొచ్చింది. జబ్బుమనిషి. చీర మాసిపోయుంది. నా పక్కన పెద్దాఫీసర్లున్నారు. ఎవరో నాకు తెలీదని వాచ్‌మన్‌తో చెప్పేను. సాయంత్రం దాకా టీకొట్టు కాడ కూచుంది. నేను వెనక గేటునించి ఎళ్లిపోయేను. నెల తిరక్కుండా పోయింది."

మూడో చుక్కకే నమూనా గులాబీ రంగుకు తిరిగింది.

"ఇంత మంచి సరుకు ఇన్నాళ్లూ దాచేరేంటండీ!" అన్నాడు అబ్బులు.

నూకరత్నం కిందికి దిగింది. టీకొట్టు దగ్గర కూర్చున్న మనిషి ఇంకా కళ్లముందు ఉంది. మాసిన చీర కట్టుకున్న ఎవరో ఒకావిడ.

సిగ్గుల నిల్వ అయిపోయినవారు కొత్తది తెచ్చుకోవడానికి రెండు రోజులు ప్రత్యేక సెలవు ఇస్తారు. వీర్రాజు ఆ కాగితం ముందుకు జరిపాడు.

"ఇంట్లో ఎవరున్నారు?"

"మా ఆడపడుచండీ. చూపు లేదు. అన్నం కలిపి పెట్టేది నేనే."

"సరిపోతుంది. ఆవిడ పేరు రాయండి."

నూకరత్నం ఆడపడుచు పేరు ఇంటిపేరుతో సహా గుండ్రంగా రాసింది.

"రెండు రోజులెందుకండీ," అంది, "ఒక్క పూట చాలు."