నోరెత్తని జనం

సభలో మాట్లాడడం నేర్చుకోవాలంటే ముందు మనుషుల్ని పక్కన పెట్టాలి! ఎదురుగా ప్రాణమున్న మనిషి కూర్చుంటే ఎవరికైనా నాలుక మడతపడుతుంది. ఆ మనిషి దగ్గుతాడు, ఆవలిస్తాడు, పక్కవాడి చెవిలో ఏదో చెప్పి నవ్వుతాడు. అలాంటివాడి ముందు ఉపన్యాసం నేర్చుకోమనడం ఎంత అన్యాయం! అందుకే వర్చువల్ రియాలిటీ అనే మహోపకారి రెండువేల అయిదులోనే మదనపల్లె దాకా వచ్చింది. నమ్మరా? అయితే పుంగనూరు దగ్గరి ఒక పల్లెలో పొదుపు సంఘం లీడరుగా ఉన్న మునిలక్ష్మమ్మ సంగతి వినండి.

మునిలక్ష్మమ్మ నోరు లేని మనిషి కాదు. టమోటా మండీలో తూకం తేడా వస్తే ఆమె గొంతు రోడ్డవతలికి వినిపిస్తుంది. మైకు చేతికిస్తే మాత్రం అంతా తారుమారు. పుంగనూరు మీటింగులో "అందరికీ నమస్కారం" అంది. కాసేపు మైకు వైపు చూసి, మళ్ళీ "అందరికీ నమస్కారం" అని దిగిపోయింది. జనం ఆనందంగా చప్పట్లు కొట్టారు. ఆ రోజు అందరికంటే తక్కువ మాట్లాడింది ఆమే మరి!

ఈసారి అలా దిగిపోతే కుదరదు. ఊళ్ళో బోర్లు ఎండిపోయాయి. నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందో దాని డ్రైవరుకే తెలియదు. చంటిబిడ్డల తల్లులు కూడా బిందెలెత్తుకుని రాళ్ళదారిన పొరుగూరి బావికి నడుస్తున్నారు. కుప్పంలో పెద్ద మహిళా సభ జరగబోతోంది. పెద్దాఫీసరు వస్తాడు. ఊరి తరఫున మునిలక్ష్మమ్మ మాట్లాడాలి. ఆ మాట విన్నప్పటి నుంచి ఆమె సంగటి కెలుకుతూ కూడా "అందరికీ నమస్కారం" అని వల్లె వేస్తోంది.

ఆమె అన్న కూతురు శాలిని అంగళ్లు దగ్గర ఇంజనీరింగు చదువుతోంది. ఫైనలియర్ ప్రాజెక్టుగా వాళ్ళ బ్యాచి ఒక హెల్మెట్ తయారుచేసింది. తలకు తగిలించుకుంటే చాలు, కళ్ళ ముందు సభ ప్రత్యక్షం! అంతా బాగుంది గానీ, పరీక్షించడానికి సరైన పిరికివాళ్ళు దొరకలేదు. "అత్తా, నువ్వు రావల్ల" అని శాలిని ఫోన్ చేసింది.

మునిలక్ష్మమ్మ బస్సులో మదనపల్లె చేరి, అక్కణ్ణుంచి ఆటోలో కాలేజీకి వెళ్ళింది. హెల్మెట్ పెట్టగానే భయంతో బల్ల పట్టుకుంది. హాలు నిండా జనం! కాస్త ధైర్యం తెచ్చుకుని తేరిపార చూసింది.

"ఏమే శాలినీ, వీళ్ళంతా ఒక తల్లి బిడ్డలా? అందరికీ ఒకటే మీసం ఉండాది!"

"కంప్యూటరు తట్టుకోల్యాదత్తా. ఒక మనిషిని చేసి, అన్ని కుర్చీల్లోకీ కాపీ కొట్టినాం."

"మరి ఆడోళ్ళు యాడమ్మా?"

"జడలేసేదానికి టైము సాల్లేదు. నువ్వు మాట్లాడత్తా!"

మాట్లాడింది. మీసాల తలలన్నీ సరే అన్నట్టు ఒక్కసారిగా ఊగాయి. ఆమె మాట మరిచిపోయి ఆగింది. అయినా ఊగాయి! ఎవరూ ఆవలించలేదు, బీడీ కోసం లేచి పోలేదు. శాలిని మీట నొక్కితే చప్పట్లు కూడా కొట్టారు. ఇంత సంస్కారం ఉన్న జనం మన జిల్లాలో ఇంకెక్కడైనా ఉన్నారా, మీరే చెప్పండి! సాయంత్రానికల్లా మునిలక్ష్మమ్మ ఊరి నీళ్ళ కష్టమంతా ఏకబిగిన చెప్పేసింది. హెల్మెట్ తీశాక మాత్రం, "అంత కత చెప్తే, అయ్యో పాపమని ఒక్కడూ అనల్యాదే" అని గొణిగింది.

కుప్పం సభలో వేదిక మీదివాళ్ళు ఒకరినొకరు పొగుడుకునేసరికి మధ్యాహ్నం దాటింది. భోజనాల వాసన వస్తుండగా మునిలక్ష్మమ్మను పిలిచారు. షామియానా నిండా ఆడవాళ్ళు. ఏ ముఖానికి ఆ ముఖం వేరు. ఆమె కంగారుగా వేదిక వైపు తిరిగింది. హమ్మయ్య, ప్రాణం లేచొచ్చింది! పెద్దాఫీసరూ, ఆయన పక్కవాళ్ళూ అందరూ ఒకే తీరుగా తలలూపుతున్నారు. చూపులు మాత్రం భోజనాల వైపు ఉన్నాయి.

"మా ఊర్లో తాగేదానికి నీళ్ళు ల్యావు సార్!" అంది ధైర్యంగా.

వేదిక చప్పట్లు కొట్టింది.

"బిడ్డల్ని బడి మాన్పిచ్చి, ట్యాంకరు కోసరం కాపలా పెడతాండాం!"

ఇంకా గట్టిగా చప్పట్లు.

మునిలక్ష్మమ్మకు భయం పోయి ఒళ్ళు మండింది. మైకుతో సహా వెళ్ళి ఆఫీసరు ఎదుట నిలబడింది.

"సార్, ఇప్పుడు నేనేం చెప్పినాను?"

"చాలా బాగా చెప్పారమ్మా."

"బాగా చెప్పింది సరే సార్. ఏం చెప్పినాను?"

ఆయన పక్కాయన వైపు చూశాడు. పక్కాయన షామియానా వైపు చూశాడు. "మహిళలు... అన్ని రంగాల్లో మహిళలు..." అంటూ ఆఫీసరు ఆగిపోయాడు. నుదుటి మీద చెమట పట్టింది. ముందు వరుసలోని ముసలి రత్నమ్మకు జాలేసి, "నీళ్ళు సార్, నీళ్ళు!" అని మాట అందించింది. వెంటనే అటెండరు గ్లాసుతో పరిగెత్తుకొచ్చాడు!

సభంతా పడీ పడీ నవ్వింది. మునిలక్ష్మమ్మ నవ్వలేదు. "ఆయప్పకు కాదప్పా, మా ఊరికి!" అంది.

ఆ వారంలోనే ఊరికి ట్యాంకరు వచ్చింది. ఆ తర్వాత కూడా వేళకు వస్తూనే ఉంది. పాపం, ఆఫీసరుకే మైకు చూస్తే నోరు తడారిపోయే జబ్బు పట్టుకుంది. హెల్మెట్ సంగతి ఎవరో ఆయన చెవిన వేయగా, దాన్ని పంపమని ఆఫీసు నుంచి కాలేజీకి కబురొచ్చింది. శాలిని బ్యాచి ఉత్సాహంగా ప్రాజెక్టుకు మెరుగులు దిద్దింది. మీసాలవాళ్ళ మధ్య జడ వేసిన ఒక ఆడమనిషిని కూర్చోబెట్టింది. ఉపన్యాసం నడుమ ఆమె లేచి, "మా ఊరికి పైపులైను ఎప్పుడేస్తారు సార్?" అని అడుగుతుంది. అంతే!

ఎంతో కాలం పట్టలేదు, హెల్మెట్ తిరిగొచ్చింది. తెచ్చిన జీపు డ్రైవరు సారుగారి మాటగా చెప్పాడు: "మిషను శానా బాగుండాదంట. జనంలో ఎవురో ఒకామె మాట్లాడతాండాదంట. ఆ ఒక్క రిపేరు చేసిస్తే సాలంట!"