చంద్రశేఖరం గారి తప్పిపోయిన ఆవు

ఆ ఉదయం బంగళా వంటమనిషి సన్యాసయ్య అనుకున్నది చిన్న పనే. బంగళాలో దిగిన బాబుకు ఉప్మా పెట్టి, టికిరి సంతకు పోయి వంకాయలు తేవాలి. బయల్దేరుతుంటే భార్య పుణ్యవతి అందుకుంది. "మన సూడావు కొండెక్కి నెలైపోనాది, తిరిగి రానేదు. ఈపాటికి ఈనేసుంటాది. పాలు నేక మనవరాలు గంజి తాగతంది. సంతలో నోరిప్పి అడగలేవేటి?"

సొంత ఆవు కోసం పదిమందిలో నోరు విప్పడమంటే సన్యాసయ్యకు చచ్చే సిగ్గు.

అవి బ్లాకు ఆఫీసులు కొత్తగా వచ్చిన రోజులు. మాట మనిషి నుంచి మనిషికి ఎలా పోతుందో పరిశోధించడానికి వాల్తేరు నుంచి వచ్చి బంగళాలో దిగిన ఆ బాబే చంద్రశేఖరం.

"నిజం మనకు బయట రాయిలా ఉంటుంది, సన్యాసయ్యా. మాట టెలిగ్రాం లాంటిది. ఇక్కడ కొట్టిందే అక్కడ దిగుతుంది. పరిశోధకుడు పక్కన నిలబడి చూడాలి, అంతే. నా ఆవు తప్పిపోయిందని సంతలో చెప్పు."

"మీకు ఆవు నేదు గదా బాబూ?"

"అందుకే ఎవరికీ నష్టం లేదు."

"ఎలాటిదని అడిగితే?"

"ఏదో ఒకటి చెప్పు."

ఏదో ఒకటి చెప్పడం సన్యాసయ్యకు చేతకాలేదు. తెల్లావు, ఎడమ కొమ్ము విరిగింది, మెడలో కర్ర గంట అని తన ఆవునే చెప్పాడు. బాబు పని గనుక సిగ్గు వేయలేదు.

మాట ఎంత దూరం పోయిందో చూద్దామని చంద్రశేఖరం దారినపోయే వాళ్లందరినీ "ఏం విన్నావు?" అని అడిగాడు. అక్కడే చెడింది. ఉత్త ఆవుకు ఇంత ఆరా ఎందుకు? పులి పట్టి ఉంటుందన్నారు. మధ్యాహ్నానికి, పులి పట్టింది బాబునే అన్నారు. కాశీపూర్ దారిలో డప్పులు లేచాయి. బల్లేలతో జనం అడవిలో పడ్డారు.

నేను బతికే ఉన్నానని చెప్పడానికి చంద్రశేఖరం పరుగెత్తాడు. ఆయన ముఖం ఎరగని, బండి తోలే మల్లేశు ఆయన చేతిలో ఒక డబ్బా పెట్టాడు.

"సూస్తావేటయ్యా, వాయించు! పాపం, ఆ బాబెవులో మనూరికొచ్చి పులి పాలైపోనాడు."

వినేవాడు లేక, చంద్రశేఖరం తనను తాను వెతుక్కుంటూ డబ్బా వాయించుకుంటూ నడిచాడు.

ఆ మోతకు పొదల్లోంచి దూకింది పులి కాదు. తెల్లావు. విరిగిన కొమ్ము, కర్ర గంట, వెనకాల దూడ.

సన్యాసయ్య పరుగున వచ్చి ఆవు మెడ వాటేసుకున్నాడు. తర్వాత బాబు చేతులు పట్టుకున్నాడు. ఎన్నడూ నాలుగు మాటలాడని మనిషికి నోరు వచ్చింది. "సల్లగుండు బాబూ! మా మనవరాలికి పాలు తెచ్చేవు. నీ మేలు మర్సిపోను."

"నేను చెప్పింది అబద్ధం కదయ్యా! నిజమెలా అయింది?"

"మీరు అబద్ధమే సెప్పేరు బాబూ. నాను నిజమే సెప్పేను."

పరిశోధకుడు పక్కన నిలబడి చూడాలన్న మాట చంద్రశేఖరం మళ్లీ ఎత్తలేదు. అప్పటికి ఆవు ఆయన కాలి మీద నిలబడి ఉంది.